జెటెకి, వేరియస్: పనామా వాగుల్లోని రెండు కప్పల మధ్య తేడా

పసుపు ఒంటి మీద అక్కడక్కడా నల్ల మచ్చలతో, నాచు పట్టిన రాయి మీద కూర్చున్న కప్ప ఫొటో కనబడగానే అందరూ ‘పనామా బంగారు కప్ప’ అని రాసేస్తారు. అది నిజంగానే బంగారు కప్ప, అంటే అటెలోపస్ జెటెకి కావచ్చు. దాని దగ్గరి చుట్టం అటెలోపస్ వేరియస్ కూడా కావచ్చు. ఊరు, వాగు తెలియకుండా ఫొటో ఒక్కటీ చూసి తేల్చగలమనే మాటను నేను నమ్మను. జీవజాతుల స్థితిని లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెండింటినీ అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వర్గంలో పెట్టింది. రెండింటినీ దెబ్బతీసింది ఒకే ఫంగస్. అయినా జెటెకిని 2009 తర్వాత దాని సొంత వాగుల్లో నమ్మకంగా చూసినవాళ్ళు లేరు, వేరియస్ మాత్రం కొన్ని మూలల్లో ఇంకా బతికే ఉంది. ఇంత దగ్గరి రెండు జీవుల మధ్య ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతేనే జెటెకిని తిరిగి వాగులోకి పంపే దారి దొరుకుతుంది. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

రెండూ బ్యూఫోనిడే కుటుంబంవే. వానాకాలంలో మన పెరట్లోకి వచ్చే గరుకు చర్మపు కప్పదీ అదే కుటుంబం. కానీ వీటి చర్మం నున్నగా ఉంటుంది, కాళ్ళు సన్నం, గెంతడం కన్నా నడవడమే ఎక్కువ. పగలంతా తిరిగి, రాత్రి వాగు ఒడ్డున ఆకుల మీద నిద్రపోతాయి. వేరియస్‌ను 1856లో లిక్టెన్‌స్టైన్, ఫాన్ మార్టెన్స్ వర్ణించారు. జెటెకిని 1933లో ఎమ్మెట్ రీడ్ డన్ వర్ణించాడు, అదీ వేరే జాతిగా కాదు, వేరియస్‌కు ఉపజాతిగా. పనామాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త జేమ్స్ జెటెక్ పేరు దానికి పెట్టాడు. ప్రత్యేక జాతిగా గుర్తింపు తర్వాత ఎప్పటికో వచ్చింది.

జెటెకి పనామా దాటి ఎక్కడా లేదు. ఒక పాత అగ్నిపర్వత బిలంలో వెలసిన ఎల్ వాయే దె అంతోన్ అనే ఊరి చుట్టూ ఉన్న కొండలు, సెర్రో కాంపానా, ఆ చుట్టుపక్కల వాగులు, అంతే దాని లోకం. ఎత్తు సుమారు 335 నుంచి 1,315 మీటర్లు. వేరియస్ పరిధి చాలా పెద్దది. కోస్టారికా నుంచి పశ్చిమ పనామా దాకా, దాదాపు సముద్ర మట్టం నుంచి 2,000 మీటర్ల దాకా ఉండేది. ఈ పరిధి సంగతి గుర్తుంచుకోండి, జబ్బు దగ్గర దీని అవసరం పడుతుంది.

ఇక గుర్తుపట్టడం. జెటెకి సాధారణంగా పసుపు నుంచి బంగారు రంగులో ఉంటుంది, నల్ల మచ్చలు కొన్నిటికి ఉంటాయి, కొన్నిటికి ఉండవు. వేరియస్ నల్ల ఒంటి మీద పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ పట్టీలతో వాగుకో తీరుగా ఉంటుంది. ఒక లోయలో నలుపు మీద నిమ్మ రంగు గీతలైతే, పక్క లోయలో ఎర్ర మచ్చలు. చిక్కేమిటంటే పనామాలోనే ఎల్ కోపె వైపు పూర్తిగా బంగారు రంగులో ఉన్న వేరియస్‌లు కూడా ఉండేవి. కాబట్టి రంగు సాక్ష్యం చెల్లదు. సైజు కొంత పనికొస్తుంది. జెటెకి మగవి 35 నుంచి 48 మిల్లీమీటర్లు, ఆడవి 45 నుంచి 63. వేరియస్ మగవి 27 నుంచి 41, ఆడవి 33 నుంచి 60. అంకెలు ఒకదాని మీదికి మరొకటి ఎంత వస్తున్నాయో చూడండి. పెద్ద ఆడ వేరియస్, మామూలు ఆడ జెటెకి చేతిలో ఒకేలా ఉంటాయి. 2007లో అచ్చయిన ఒక జన్యు పరిశోధన మైటోకాండ్రియా డీఎన్ఏను రంగుతో, కొలతలతో పోల్చి చూస్తే, అవి రెండు జాతుల మధ్య గీసే సరిహద్దులు ఒకదానితో ఒకటి సరిపోలేదు. అందుకే వీటిని కాపాడటానికి బందీగా పెంచే కేంద్రాల్లో ఏ కప్పకైనా మొదట రాసుకునేది అది పుట్టిన వాగు పేరు. రెండు వాగుల కప్పలను ఒక తొట్టిలో కలపరు. ఒకసారి కలిసిపోయిన వంశాన్ని తర్వాత విడదీయడం ఎవరివల్లా కాదు.

కాస్త గట్టి తేడా చర్మంలోని విషంలో ఉంది. వేరియస్ చర్మంలో టెట్రోడోటాక్సిన్ దొరికింది, పఫర్ చేపలో ఉండేదే. జెటెకి విషం మీద 1960ల నుంచి పని జరిగింది. దాని అసలు నిర్మాణం 2004లో తేలింది, పేరు జెటెకిటాక్సిన్. ఇది సాక్సిటాక్సిన్ కోవలోది, అంటే సముద్రపు ఆల్చిప్పలు తిని పక్షవాతం వచ్చే కేసుల్లో కనిపించే విషానికి చుట్టం. నరాల కణాల్లో సోడియం లోపలికి వెళ్ళే దారులను మూసేయడంలో సాక్సిటాక్సిన్ కన్నా పదుల నుంచి వందల రెట్లు బలమైనది. ఇంకో ముఖ్యమైన సంగతి: బందీగా పెంచిన వేరియస్‌లో టెట్రోడోటాక్సిన్ అసలు లేదని 1997లో తేలింది. అంటే ఆ విషం పుట్టుకతో వచ్చేది కాదు, అడవిలో తిండి నుంచో, చర్మం మీద చేరే సూక్ష్మజీవుల నుంచో రావాలి. తొట్టిలో పుట్టి పెరిగిన కప్ప ఒంటి మీది ఆ పసుపు రంగు వేటాడే జీవికి ఇచ్చే హెచ్చరిక వెనక నిజమైన విషం లేనట్టే. విడుదల సంగతి ఆలోచించేవాళ్ళు మొదట లెక్కలోకి తీసుకోవలసింది ఇదే అని నా అభిప్రాయం.

విషం ఉన్నా అన్నిటి నుంచీ కాపాడదు. కోస్టారికాలో నోటొకీటా బుఫోనివోరా అనే ఈగ వేరియస్ తొడ మీద పిల్లల్ని వదులుతుంది. అవి చర్మం తొలుచుకుని లోపలికి వెళ్ళి కండ తిని కప్పను చంపేస్తాయి. ఎండాకాలంలో వాగు సన్నబడి కప్పలన్నీ జలపాతం తుంపర పడే కాస్త చోటులో గుమిగూడినప్పుడు ఈ ఈగకు పని సులువు.

రెండింటికీ బయటి చెవి, కర్ణభేరి, మధ్య చెవి లేవు. అయినా తమ జాతి మగది ఎటు నుంచి అరుస్తోందో గుర్తించి అటు తిరుగుతాయి. వాగు హోరులో అరుపు ఎంతైనా అణిగిపోతుంది, అందుకని చేతి సైగ కూడా వాడతాయి. మగది రాతి మీద నిలబడి ఒక ముందుకాలు ఎత్తి, గాలిలో చిన్న వంపు తిప్పి, మళ్ళీ రాతి మీద పెడుతుంది, తర్వాత రెండోది. తన చోటులోకి మరో మగది వస్తే ఈ సైగలు జోరందుకుంటాయి. ఎరిక్ లిండ్‌క్విస్ట్ 1990లలో జెటెకి మీద చేసిన పని వల్ల ఇది వివరంగా తెలిసింది. వేరియస్‌లోనూ ముందుకాలు ఎత్తడం ఉంది. తన రాతిని వదలకపోవడం, తీసి దూరంగా వదిలినా మళ్ళీ అక్కడికే చేరడం 1980లలో మార్తా క్రంప్ వేరియస్‌లో గమనించింది.

సంతానం దగ్గర రెండింటి పద్ధతీ ఒకటే. వానలు తగ్గి, వాగు ఉరవడి దిగే సమయంలో ఆడవి ఒడ్డుకు వస్తాయి. మగవి అప్పటికే కాచుకుని ఉంటాయి. మగది వీపు మీదికెక్కి చంకల కింద పట్టుకుంటే ఆ పట్టు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి విడవదు. ఆడది నీళ్ళలోకి దిగి రాతి అడుగున, వెలుతురు తగలని చోట తెల్లటి గుడ్లను దండలా అంటిస్తుంది. జెటెకి ఒక విడతలో 200 నుంచి 600 పైచిలుకు గుడ్లు పెడుతుంది. పుట్టే తోకకప్పలకు పొట్ట కింద వెడల్పాటి చూషకం ఉంటుంది. దానితో రాతిని పట్టుకుని, ప్రవాహం ఎంత జోరుగా ఉన్నా కొట్టుకుపోకుండా రాతి మీది పలచని నాచు పొరను గీక్కుని తింటాయి. కప్పగా మారాక పిల్లలు బంగారు రంగులో ఉండవు. నాచులో కలిసిపోయే ఆకుపచ్చ మీద ముదురు చారలు ఉంటాయి. పసుపు రంగు పెరిగాక వస్తుంది.

ఇప్పుడు జబ్బు. బట్రాకోకైట్రియం డెండ్రోబటిడిస్ అనే ఫంగస్‌ను 1999లో వర్ణించారు. దీన్ని అందరూ బీడీ అంటారు. దీని బీజాలు నీళ్ళలో ఈదుతూ వచ్చి కప్ప పై చర్మంలో చేరి, అక్కడ సంచుల్లా పెరిగి, మళ్ళీ బీజాలను నీళ్ళలోకి వదులుతాయి. కప్ప చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, లవణాలను ఒంట్లో నిలుపుకుంటుంది, కొంత ఊపిరి కూడా పీల్చుకుంటుంది. చర్మం చెడితే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. 2009లో పరిశోధకురాలు జేమీ వాయిల్స్ బృందం ఈ క్రమాన్ని చూపించింది. జబ్బు పడ్డ కప్ప వెనక కాళ్ళు చాపి కూర్చుంటుంది, చర్మం పొరలుగా ఊడుతుంది, తిరగేస్తే వెంటనే లేవలేదు. లేవలేని దశకు వచ్చాక రోజులే మిగులుతాయి.

ఈ ఫంగస్ మధ్య అమెరికా కొండల వెంట పడమర నుంచి తూర్పుకు అలలా నడిచింది. కోస్టారికాలో మోంతెవెర్దె దగ్గర వేరియస్ 1988 ప్రాంతంలో కుప్పకూలింది. పనామాలో ఫోర్తూనా దగ్గర 1996-97లో, ఎల్ కోపెలో 2004లో, ఎల్ వాయేలో 2006లో కప్పలు కుప్పలుగా చచ్చాయి. కప్పల పరిశోధకురాలు కరెన్ లిప్స్ బృందం ఈ అల వేగాన్ని ముందే అంచనా కట్టింది కాబట్టే ఎల్ వాయేలో అది చేరేసరికి కొన్ని కప్పలను పట్టి దాచగలిగారు. పెంపకం కేంద్రం భవనం ఇంకా పూర్తి కాలేదని 2006లో వాటిని ఎల్ వాయేలోని హోటల్ కాంపెస్త్రె గదుల్లో పెట్టి సాకారు. ఎడ్గార్డో గ్రిఫిత్, హైడీ రాస్ ఆ గదుల్లో చేసిన పని లేకపోతే ఈ రోజు మనం మాట్లాడుకోవడానికి చాలా జాతులు మిగిలేవి కావు.

జెటెకి మొత్తం ఇల్లు ఫంగస్‌కు సరిగ్గా నచ్చే చల్లటి కొండ వాగుల్లోనే ఉంది. బీడీకి 17 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ బాగా సరిపడుతుంది, 28 దాటితే పెరగడం ఆగిపోతుంది. వేరియస్ పరిధి వెచ్చటి పల్లపు ప్రాంతాల దాకా పాకి ఉంది. కోస్టారికాలో ఇక లేదనుకున్న వేరియస్ 2003లో పసిఫిక్ వైపు కెపోస్ దగ్గరి ఫీలా చోంతాలో దొరికింది. తర్వాత మరికొన్ని చోట్ల కనిపించింది. పశ్చిమ పనామాలో ఫంగస్ వచ్చి స్థిరపడిపోయిన వాగుల్లో కూడా వేరియస్ మిగిలి ఉందని 2014లో అచ్చయిన సర్వేలు చెప్పాయి. అయితే వెచ్చదనం ఒక్కటే కారణమని అనుకోకూడదు. వాయిల్స్ బృందం 2018లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది ఇంకా లోతైనది. ఫంగస్ మెత్తబడలేదు, అలనాటి రకం, ఇప్పటి రకం రెండూ అంతే ప్రాణాంతకం. మారింది కప్పే. అల తర్వాత అడవిలో మిగిలిన వేరియస్ చర్మపు స్రావం ఫంగస్‌ను బాగా అణిచింది. జబ్బు రాకముందు పట్టి కాపాడిన కప్పల సంతతి స్రావం అంతగా అణచలేదు. మనం సురక్షితంగా దాచుకున్నవే జబ్బు ముందు బలహీనమైనవని దీని అర్థం. జెటెకికి ఇది మరీ కష్టమైన వార్త, ఎందుకంటే వాగులో ఆ పరీక్ష నెగ్గి మిగిలిన జెటెకి మన చేతిలో లేదు.

జెటెకిని జబ్బుకు తట్టుకునేలా చేయాలని చేసిన ప్రయత్నాలు తక్కువేం కాదు. అమెరికా సాలమాండర్ల చర్మం మీద దొరికే జాంథినోబాక్టీరియం లివిడం అనే బ్యాక్టీరియా కాలిఫోర్నియాలో ఒక కొండ కప్పను కాపాడింది. మాథ్యూ బెకర్ బృందం దాన్నే జెటెకి మీద వేస్తే ఆ చర్మం మీద అది నిలవలేదు, కప్పలు చనిపోయాయి. 2015 నాటి మరో ప్రయోగంలో కొన్ని జెటెకిలు బతికి బయటపడ్డాయి. కారణం పూసిన బ్యాక్టీరియా కాదు, వాటి చర్మం మీద మొదటి నుంచీ ఉన్న సూక్ష్మజీవుల కలయిక. తొట్టిలో జబ్బు పట్టిన కప్పకు మందు ఉంది. 0.01 శాతం ఇట్రాకోనజోల్ ద్రావణంలో రోజుకు 5 నిమిషాలు, పది పదకొండు రోజులు ముంచుతారు. తోకకప్పలకు ఈ మోతాదు పనికిరాదు, చచ్చిపోతాయి. పెద్దవాటికి కూడా ఇది ఆ ఒక్కసారికే, మళ్ళీ ఫంగస్ ఉన్న నీళ్ళలో దిగితే మళ్ళీ అంటుకుంటుంది.

పెంపకంలో చాలామంది తడబడేది నీటి దగ్గర. ఫంగస్ భయంతో, క్లోరిన్ భయంతో ఆర్వో నీళ్ళు వాడతారు. ఆ నీళ్ళలో కాల్షియం ఉండదు. తోకకప్ప చక్కగా పెరుగుతున్నట్టే ఉంటుంది, ముందుకాళ్ళు బయటికి వచ్చే రోజున అవి పుల్లల్లా సన్నగా, ఒంటిని ఎత్తలేకుండా ఉంటాయి. ఆ దశలో చేసేదేమీ లేదు. వేరియస్ మీద 600 తోకకప్పలతో చేసి 2020లో అచ్చువేసిన ప్రయోగం దీనికి లెక్క కట్టింది. కాల్షియం కార్బొనేట్‌గా కొలిస్తే లీటరుకు 20, 50, 80 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళు, ఒక్కోదానిలో తక్కువ ఫాస్ఫేటు (లీటరుకు 0.36 మిల్లీగ్రాములు) లేదా ఎక్కువ ఫాస్ఫేటు (1.74). కాల్షియం కలిపితే బతికినవి 19 శాతం నుంచి 49 శాతానికి పెరిగాయి. 20 దగ్గర 60 శాతానికి సన్న కాళ్ళ జబ్బు వచ్చింది, 50, 80 దగ్గర అది 15 శాతం ప్రాంతానికి దిగింది. కాల్షియం తక్కువైన నీళ్ళలో ఫాస్ఫేటు పెంచినా జబ్బు తగ్గింది. పూర్తిగా పోలేదు, ఇంకేదో కారణం కూడా ఉంది. ఇది వేరియస్ లెక్క. జెటెకి తోకకప్పల బతుకూ ఇలాంటి రాతి వాగుల్లోనిదే కాబట్టి 50కి తగ్గకుండా చూసుకోవడం సబబే, కానీ ఒక గుడ్ల విడతను రెండు తొట్లుగా విడదీసి సొంతంగా సరిచూసుకోవాలి. కాఠిన్యం కిట్ ఖరీదు చాలా తక్కువ, వారానికోసారి చూసి పుస్తకంలో రాసుకోవాలి.

తోకకప్పల తిండి నీళ్ళలో చల్లితే వృథా. అవి తేలే తిండి తినవు, గీకి తింటాయి. స్పిరులినా పొడిని నీళ్ళతో చిక్కగా కలిపి గాజు పలకకు పలచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, తొట్టిలో నిలబెట్టాలి. తడి ఆరకుండా పెడితే పొర ఊడి నీళ్ళు పాడవుతాయి, అమ్మోనియా పెరుగుతుంది. నీళ్ళు కదులుతూ, చల్లగా, 20 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి. కప్పగా మారిన పిల్లలకు నోరు చాలా చిన్నది, మొదట స్ప్రింగ్‌టెయిల్ పురుగులు, తర్వాత పండు ఈగలు, అప్పుడే పుట్టిన కీచురాళ్ళు. కాల్షియం, విటమిన్ పొడి అద్ది వేయాలి. విటమిన్ ఏ లోపం బందీ కప్పల్లో తరచుగా వచ్చేదే.

జత కట్టించడంలో ఆడదాని ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఒకటుంది. అడవిలో ఆడది గుడ్లు సిద్ధమయ్యాకే వాగుకు వస్తుంది, లేకపోతే దూరంగా ఉంటుంది. తొట్టిలో దానికి పారిపోయే చోటు లేదు. గుడ్లు లేని ఆడదాన్ని మగది పట్టుకుంటే వారాల తరబడి మోస్తూ, సరిగా తినక చిక్కిపోతుంది. పొట్టలో గుడ్లు కనిపించేదాకా మగవాటికి దూరంగా ఉంచాలి. జత కట్టాక తరచూ తూచాలి, బరువు దిగుతూ గుడ్లు రాకపోతే మగదాన్ని మెల్లగా విడదీయాలి. గుడ్లు వచ్చాక ఇంకో సమస్య: ఒక్క విడతే వందల పిల్లలు. అన్నిటినీ పెంచితే కేంద్రం మొత్తం ఒకే తల్లిదండ్రుల సంతానంతో నిండిపోతుంది. ప్రతి జంట నుంచీ సమానంగా కొన్నింటినే పెంచడమే మంచి పద్ధతి. వినడానికి కఠినంగా ఉన్నా నేను దాన్నే సమర్థిస్తాను.

2018 జనవరిలో పనామాలోని కోలోన్ ప్రావిన్స్‌లో సుమారు 500 వేరియస్‌లను అడవిలోకి వదిలారు. 30 కప్పలకు చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టారు. అడవిలో ఇంకా మిగిలి ఉన్న జాతితో మొదలుపెట్టడం సరైన నిర్ణయం. అక్కడ ఎదురయ్యే ఇబ్బందులు, వేటాడే జీవుల నష్టం, విషం మళ్ళీ వస్తుందా, చర్మం మీది సూక్ష్మజీవులు అడవి తీరుకు మారతాయా, ఇవన్నీ జెటెకి వంతు వచ్చేసరికి తెలిసి ఉండాలి. ఇందుకే అడవిలోనే వల పంజరాల్లో కొంతకాలం ఉంచి, తర్వాత వదలడం మేలు.

మన దగ్గర ఈ ఫంగస్ లేదనుకోకండి. పడమటి కనుమల్లో 2011లో దీన్ని నమోదు చేశారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు దేశంలోని కప్పల మీద నమూనాలు తీసి, తక్కువ స్థాయిలో, కానీ చాలా జన్యు వైవిధ్యంతో ఇది ఉందని 2018లో రాశారు. ఆసియాలో పుట్టిన ఫంగస్ కాబట్టి ఇక్కడి కప్పలు దీనితో ఎప్పటి నుంచో కలిసి బతుకుతున్నాయని ఒక వివరణ. అయినా కప్పలను చూడటానికి కొండలకు, వాగులకు వెళ్ళేవాళ్ళు ఒక లోయ బురదను మరో లోయకు మోయకూడదు. బూట్లు, వలలు బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఎండనివ్వాలి. ప్రయోగశాల లెక్క ప్రకారం పొడిగా మూడు గంటలు ఆరితే బీడీ చస్తుంది. పైపైన కాకుండా కుట్లలో కూడా తడి లేకుండా ఆరాలి. వేడైతే 60 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. 70 శాతం ఆల్కహాల్ సెకన్లలో పనిచేస్తుంది, 1 శాతం బ్లీచింగ్ ద్రావణానికి పది నిమిషాలు కావాలి, అల్ట్రావయొలెట్ దీపాన్ని నమ్ముకోవద్దు. కప్పను పట్టుకోవలసి వస్తే ఒక్కో కప్పకు కొత్త గ్లవ్స్, కొత్త ప్లాస్టిక్ సంచి వాడాలి, ఒకే సంచిలో రెండు కప్పలను పెట్టకూడదు.